బార్బీ, ఈమ్స్ కుర్చీ, ఒకే కాన్వాస్: ‘రెట్రో’ పెయింటింగ్‌లలో అసలేముంది?

గోడంతా గాజు. బయట నీలం రంగు ఈతకొలను, దాని వెనక లేత గులాబీ కొండలు. లోపల సన్నటి కాళ్ల సోఫా, గోడమీద కిరణాల్లా పుల్లలు విచ్చుకున్న గడియారం. మధ్యలో నలుపు తెలుపు చారల స్విమ్‌సూట్ వేసుకున్న ఒకావిడ. నుదుటిమీద ఉంగరాల జుట్టు, వెనక పోనీటెయిల్, ఎర్రటి పెదాలు, పక్కకి తిప్పిన చూపు. కాస్త దగ్గరికెళ్లి చూస్తే మెడ కింద సన్నగా ఒక అతుకు కనిపిస్తుంది. భుజం దగ్గర ఇంకొకటి. ఆవిడ మనిషి కాదు, 1959 నాటి బార్బీ.

ఇలాంటి పెయింటింగ్‌లు కొత్తవేం కావు గానీ, 2023లో బార్బీ సినిమా వచ్చినప్పటి నుంచి వీటి సందడి పెరిగింది. ఆ సినిమా సెట్లకి ప్రేరణ కాలిఫోర్నియా ఎడారి పట్టణం పామ్ స్ప్రింగ్స్‌లోని మిడ్-సెంచరీ ఇళ్లు. వెనక కనబడే కొండలు కూడా చేత్తో రంగులేసిన తెరలే. 2024 జులైలో లండన్‌లోని డిజైన్ మ్యూజియం బార్బీకి 65 ఏళ్లు నిండిన సందర్భంగా పెద్ద ప్రదర్శన పెట్టింది. 2025 ఏప్రిల్‌లో అయితే ఏఐతో తమ ఫొటోని అట్టపెట్టెలో బొమ్మగా మార్చుకునే సరదా మన ఫోన్లలోకి కూడా వచ్చేసింది. వీటితోపాటే కొన్ని ప్రశ్నలు కలగాపులగంగా తిరుగుతున్నాయి. ఇది పాప్ ఆర్టా (ప్రకటనలు, రోజువారీ సరుకుల నుంచి పుట్టిన కళ), డ్రాయింగ్ రూమ్ అలంకారమా? పాతరోజుల మీద మురిపెమా, వెక్కిరింతా? ఒక కంపెనీ బొమ్మని గీసి అమ్ముకోవచ్చా?

రెండు పేర్లు, వాటి హద్దులు

‘మిడ్-సెంచరీ మోడర్న్’ అంటే రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన దగ్గర్నుంచి సుమారు 1960ల చివరిదాకా ఇళ్లలో, ఫర్నిచర్‌లో, గ్రాఫిక్స్‌లో నడిచిన ఒక ధోరణి. చెక్కడాలూ నగిషీలూ ఉండవు. వస్తువు దేనితో, ఎలా తయారైందో చూడగానే తెలిసిపోతుంది: వంచిన ప్లైవుడ్, అచ్చుపోసిన ప్లాస్టిక్, సన్నటి ఉక్కు కడ్డీలు. ఇంటికీ తోటకీ మధ్య ఇటుక గోడ బదులు గాజు. చార్ల్స్, రే ఈమ్స్ దంపతుల 1956 నాటి లౌంజ్ చెయిర్, ఈరో సారినెన్ ఒంటికాలి ట్యూలిప్ కుర్చీ, డెన్మార్క్ ఆర్కిటెక్ట్ ఆర్నె యాకబ్సన్ 1958లో చేసిన ఎగ్ చెయిర్ దీనికి బండ గుర్తులు. పేర్లు తెలియకపోయినా ఫొటో చూస్తే ‘ఎక్కడో చూశామే’ అనిపించే కుర్చీలివి.

ఈ పేరు జనంలో స్థిరపడింది మాత్రం 1984లో, కారా గ్రీన్‌బర్గ్ అనే అమెరికన్ రచయిత్రి 1950ల ఫర్నిచర్ మీద రాసిన పుస్తకంతో. అంటే ఆ పేరు వాడుకలోకి తెచ్చినవాళ్లు అప్పటికే ఆ కాలాన్ని వెనక్కి తిరిగి చూస్తున్నవాళ్లు.

‘ఫ్యాషన్ డాల్’ అంటే ఎత్తుకుని లాలించే పసిపాప బొమ్మ కాదు. ఎదిగిన స్త్రీ శరీరంతో, బట్టలు మార్చడం కోసమే చేసిన బొమ్మ. జర్మనీలో బిల్డ్ పత్రిక కార్టూన్ పాత్ర ఆధారంగా 1955లో లిల్లీ అనే బొమ్మ వచ్చింది. దాన్ని ఎక్కువగా కొన్నది పెద్దవాళ్లే. అమెరికాలో మాటెల్ కంపెనీని నడిపే రూత్ హాండ్లర్ యూరప్ ప్రయాణంలో దాన్ని చూసి కొనుక్కెళ్లింది. 1959 మార్చి 9న న్యూయార్క్ టాయ్ ఫెయిర్‌లో బార్బీ బయటికొచ్చింది. ఎత్తు పదకొండున్నర అంగుళాలు, ధర 3 డాలర్లు, తయారీ జపాన్‌లో. లిల్లీ హక్కులు తమవంటూ వేరే కంపెనీలు మాటెల్ మీద వేసిన దావా 1963లో రాజీ అయింది. మరుసటి ఏడాది మాటెల్ ఆ హక్కుల్ని కొనేసింది.

‘వింటేజ్’ అన్నప్పుడు కలెక్టర్ల లెక్క సాధారణంగా 1959 నుంచి 1970ల మొదటిదాకా. వాళ్లు ఎంత సూక్ష్మంగా చూస్తారంటే, మొదటి బార్బీ అరికాళ్లకి రెండు చిల్లులుంటాయి, లోపల రాగి గొట్టాలుంటాయి. స్టాండుకున్న పుల్లలు అందులో దిగుతాయి. ఆ బొమ్మకి కళ్లలో రంగు ఉండదు, నల్లటి పాప చుట్టూ తెలుపే. కనుబొమలు కొసగా పైకి లేచి ఉంటాయి. 1960లో కళ్లకి నీలం వచ్చింది, కనుబొమలు మెత్తబడ్డాయి. లోహపు చెవిపోగుల వల్ల పాత వినైల్ (బొమ్మ తల చేసిన మెత్తటి ప్లాస్టిక్) చెవి దగ్గర ఆకుపచ్చగా మారుతుంది. దాన్ని వాళ్లు ‘గ్రీన్ ఇయర్’ అంటారు. తొలి బొమ్మల ఒళ్లు కాలంతోపాటు పాలిపోయి దంతం రంగుకి వచ్చింది. బొమ్మని గీసే చిత్రకారిణికి ఇది మొదటి చిక్కు. దుకాణంలో ఉన్నప్పటి రంగు వేయాలా, అరవై ఏళ్ల తర్వాత అల్మారాలో ఉన్న రంగు వేయాలా?

ఒకే ఊళ్లో పుట్టిన కుర్చీ, బొమ్మ

ఒకటి మ్యూజియం సరుకు, ఇంకొకటి పిల్లల సరుకు కాబట్టి ఈ రెంటినీ కలపడం చిత్రకారుల చమత్కారం అనుకుంటాం. నిజానికి వీటి పుట్టిల్లు ఒకటే: యుద్ధం ముగిసిన లాస్ ఏంజెలెస్.

ఈమ్స్ దంపతులు ప్లైవుడ్ వంచడంలో చేయితిరిగింది యుద్ధంలో, అమెరికా నౌకాదళానికి విరిగిన కాళ్లకి కట్టే బద్దలు చేసిపెడుతూ. 1950లో వాళ్ల ఫైబర్‌గ్లాస్ కుర్చీని తయారుచేసిన జెనిత్ ప్లాస్టిక్స్, అంతకుముందు అదే ఫైబర్‌గ్లాస్‌తో సైన్యానికి రాడార్ పరికరాల తొడుగులు చేసేది. అక్కడికి దగ్గర్లోనే 1945లో హాండ్లర్ దంపతులు, హెరాల్డ్ మాట్సన్ కలిసి మాటెల్ మొదలుపెట్టారు. వాళ్లు మొదట చేసినవి ఫొటో ఫ్రేములు. ఫ్రేములు కోయగా మిగిలిన ముక్కలతో బొమ్మరిళ్లకి బుల్లి కుర్చీలూ బల్లలూ చేశారు. అవే బాగా అమ్ముడుపోవడంతో ఆటబొమ్మల వైపు తిరిగారు. ఎలియట్ హాండ్లర్ చదివింది ఇండస్ట్రియల్ డిజైన్. బార్బీ తయారీ పనుల్లో ప్రధానంగా ఉన్న ఇంజనీర్ జాక్ రయన్, మాటెల్‌కి రాకముందు రేథియాన్‌లో క్షిపణుల మీద పనిచేసినవాడు.

యుద్ధం కోసం పెరిగిన కర్మాగారాలు, కొత్త ప్లాస్టిక్‌లు, అప్పుడప్పుడే ఇళ్లు కొనుక్కుంటున్న కుటుంబాలు. కుర్చీకీ బొమ్మకీ ముడిసరుకూ మార్కెట్టూ ఇవే. 1962లో మాటెల్ మొదటి బార్బీ డ్రీమ్‌హౌస్ అమ్మినప్పుడు ఈ బంధుత్వం బయటపడింది. అది మడత పెట్టే అట్ట ఇల్లు. లోపల సన్నటి గీతల అట్ట ఫర్నిచర్, రికార్డ్ ప్లేయరూ టీవీ ఉన్న పొడవాటి కన్సోల్, పుస్తకాలు, మంచం, బట్టల బీరువా. వంటిల్లు లేదు!

ఇక్కడ ఒక మెలిక ఉంది. అసలు ఈమ్స్ ఇంట్లో కూడా బొమ్మలుండేవి, అయితే అవి బార్బీలు కావు, మన కొండపల్లి బొమ్మల్లాంటి జానపద బొమ్మలు. వాళ్ల మిత్రుడు, వస్త్ర డిజైనర్ అలెగ్జాండర్ గిరార్డ్ అయితే దేశదేశాల జానపద బొమ్మల్ని, ఆటవస్తువుల్ని లక్షకి పైగా పోగేసి 1978లో శాంటా ఫే మ్యూజియానికి ఇచ్చేశాడు. అందులో మన దేశానివీ ఉన్నాయి. కాబట్టి ఈమ్స్ ఇంటి నడిమధ్య బార్బీ నిలబడ్డ పెయింటింగ్ చరిత్ర కాదు. చిత్రకారులు కుదిర్చిన సంబంధం అది.

గీసేది 1950ల జీవితాన్ని కాదు, 1950ల ప్రకటనని

ఈ పెయింటింగ్‌ల గురించి నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. ఇవి ఆనాటి ఇళ్లని చూసి గీసినవి కావు. ఆ ఇళ్లు తమని తాము చూపించుకున్న ఫొటోలని, ప్రకటనలని చూసి గీసినవి.

దీనికి మంచి ఉదాహరణ ఒక ఫొటో. 1960లో ఫొటోగ్రాఫర్ జూలియస్ షుల్మన్, పియర్ కోనిగ్ డిజైన్ చేసిన ‘కేస్ స్టడీ హౌస్ 22’ అనే ఇంటిని ఫొటో తీశాడు. కొండ అంచున గాజుపెట్టెలాంటి ఇల్లు, కింద లాస్ ఏంజెలెస్ దీపాల చాళ్లు, గదిలో తెల్లటి గౌన్లలో కబుర్లు చెప్పుకుంటున్న ఇద్దరు యువతులు. ఎంత సహజంగా ఉంటుందంటే కాసేపట్లో కాఫీ తెస్తారేమో అనిపిస్తుంది. కానీ ఆ యువతులు ఆ ఇంటివాళ్లు కారు, ఫర్నిచర్ ఫొటో కోసం పెట్టింది. ఊరి దీపాలు పడటానికి షట్టర్‌ని సుమారు ఏడు నిమిషాలు తెరిచి ఉంచి, చివర్లో ఫ్లాష్ వెలిగించి యువతుల్ని పట్టుకున్నాడు. పరిచిన వేదిక, దానిమీద చక్కగా కూర్చోబెట్టిన స్త్రీలు. బార్బీ ఆ గదిలోకి రావడానికి ఇంకో అడుగే మిగిలింది.

డేవిడ్ హాక్నీ 1967లో గీసిన ‘ఎ బిగ్గర్ స్ప్లాష్’ అందరికీ తెలిసిన పెయింటింగ్, ఇప్పుడు లండన్ టేట్ గ్యాలరీలో ఉంది. బల్లపరుపు ఇల్లు, ఖాళీ కుర్చీ, కొలనులో ఎగసిన నీళ్లు. ఆ నీటి తుంపరని ఆయన ఏ కొలను గట్టునో కూర్చుని గీయలేదు, ఈతకొలనుల గురించిన పుస్తకంలో ఫొటో చూసి గీశాడు. ఇంటిగోడ, ఆకాశం రోలర్‌తో చదునుగా పూశాడు, క్షణంలో మాయమయ్యే తుంపర మీద మాత్రం రెండు వారాల దాకా పనిచేశాడు. అంతకు పదేళ్ల ముందే, 1956లో, లండన్‌లో రిచర్డ్ హామిల్టన్ అమెరికన్ పత్రికల కత్తిరింపులతో ఒక ఆధునిక ఇంటి కొలాజ్ చేశాడు. పాప్ ఆర్ట్ చరిత్ర చెప్పేవాళ్లు తరచూ అక్కడి నుంచే మొదలుపెడతారు. అంటే ఆ శైలి ఇంకా అమ్మకంలో ఉండగానే, దాని ప్రకటనలు చిత్రకళకి ముడిసరుకైపోయాయి.

బార్బీ సొంతంగా పెద్ద పేరున్న కాన్వాస్ మీదికి ఎక్కింది 1980ల మధ్యలో. పాప్ ఆర్ట్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ తన మిత్రుడు, బార్బీ కలెక్టర్ బిల్లీబాయ్ పోర్ట్రెయిట్ గీస్తానంటే, నన్ను కాదు బార్బీని గీయి, బార్బీయే నేను అన్నాడట ఆయన. అలా 1986లో బిల్లీబాయ్ పేరుతో బార్బీ పోర్ట్రెయిట్ వచ్చింది. గమనించాల్సింది ఏంటంటే, అది 1959 నాటి పక్కచూపు ముఖం కాదు, ఎదురుగా చూసి నవ్వే తర్వాతి కాలపు ముఖం. కాబట్టి ఈ రెట్రో పెయింటింగ్‌లకి వార్హోల్ తాత అనుకుంటే కొంతవరకే నిజం.

ఇప్పటి ధోరణికి దగ్గరి చుట్టాలు వేరే. షాగ్ అనే పేరుతో గీసే జాష్ ఏగ్ల్ పార్టీలు, కాక్‌టెయిల్ గ్లాసులు, ఎత్తు పైకప్పుల ఇళ్లని చదునైన రంగులతో, పాత ప్రకటనల్లోని బొమ్మల పద్ధతిలో గీస్తాడు. పామ్ స్ప్రింగ్స్‌లో ఆయనకి సొంత దుకాణం ఉంది. డానీ హెల్లర్ అదే ఇళ్లని, కార్లని, కొలనులని నూనెరంగుల్లో ఫొటోకి దీటుగా గీస్తాడు. జూడీ రగాగ్లి వింటేజ్ బార్బీల ముఖాల్ని పెద్ద కాన్వాస్‌ల మీద వినైల్ మెరుపుతో సహా దించేస్తుంది. పాప్ సర్రియలిజంలో (జనానికి తెలిసిన బొమ్మల్ని కలలాంటి వింత దృశ్యాల్లో గీసే ధోరణి) పేరున్న మార్క్ రైడెన్ 2022లో మాటెల్‌తోనే చేతులు కలిపి బార్బీ మీద పెయింటింగ్‌లూ బొమ్మలూ చేశాడు. వీళ్లందరినీ ఒకే గాటన కట్టడం వల్లే సగం గందరగోళం పుడుతోంది. ఒకరు శైలిని గీస్తున్నారు, ఒకరు కట్టడాన్ని, ఒకరు వస్తువుని, ఇంకొకరు బ్రాండ్‌ని.

మోకాలు వంగని బొమ్మ, వాలుకుర్చీ: ఒక చిన్న లెక్క

బార్బీ ఆరో వంతు కొలతలో ఉంటుంది. పదకొండున్నర అంగుళాల్ని ఆరుతో గుణిస్తే 69 అంగుళాలు, అంటే 5 అడుగుల 9 అంగుళాల స్త్రీ. ఈమ్స్ లౌంజ్ చెయిర్ ఎత్తు సుమారు 33 అంగుళాలు, ఆరో వంతు చేస్తే ఐదున్నర. తమాషా ఏమిటంటే, జర్మనీలోని విట్రా డిజైన్ మ్యూజియం పేరొందిన కుర్చీల నమూనాలని చిన్నగా చేసి అమ్ముతుంది. ఆ మినియేచర్లు కూడా ఆరో వంతే! అంటే మ్యూజియం సరుకైన బుల్లి ఈమ్స్ కుర్చీ, పాత బార్బీ పక్కపక్కన పెడితే కొలతలు సరిగ్గా సరిపోతాయి. కాన్వాస్ మీద బొమ్మని 23 అంగుళాలు గీస్తే కుర్చీని 11 అంగుళాలు గీయాలి. ఇంతవరకు సుఖమే.

ఇప్పుడు ఆమెని కుర్చీలో కూర్చోబెట్టండి. 1959 నుంచి 1964 దాకా వచ్చిన బార్బీలకి మోకాళ్లు వంగవు. కాళ్లు తుంటి దగ్గరే తిరుగుతాయి. మోకాలు వంగే బార్బీ వచ్చింది 1965లో. లౌంజ్ చెయిర్ ఏమో వెనక్కి వాలి, మోకాళ్లు మడిచి, పాదాలు స్టూలు మీద పెట్టుకోవడానికి చేసింది. మొదటి బార్బీని అందులో పడేస్తే రెండు కాళ్లూ కర్రల్లా గాల్లోకి లేస్తాయి.

పోనీటెయిల్ బార్బీ దర్జాగా కాలు మీద కాలేసుకుని ఈమ్స్ కుర్చీలో వాలిన పెయింటింగ్ కనబడిందంటే, గీసినవాళ్లు బొమ్మని మనిషిగా మార్చేశారని అర్థం. అది తప్పని కాదు, అదొక నిర్ణయం. ఆ బొమ్మ పేరుతో వాళ్లు ఒక కలని గీస్తున్నారు. అదే కాళ్లు నిటారుగా చాపి, కుర్చీ అంచున ఇబ్బందిగా ఆనించినట్టు గీస్తే, చూసేవాడికి ఇదో ఆటవస్తువన్న సంగతి క్షణం కూడా మరుపుకి రాదు. అతుకులు, వంగని కీళ్లు దాచకుండా గీసిన రెండో రకమే నాకు ఎక్కువ నచ్చుతుంది. మొదటి రకం ఎంత అందంగా ఉన్నా చివరికి ప్రకటనని ఇంకోసారి ప్రకటించినట్టే అనిపిస్తుంది.

కాలం లెక్క ఇంకో పరీక్ష. చారల స్విమ్‌సూట్, తెల్లటి కళ్లు ఉంటే 1959. గులాబీ శాటిన్ గౌను, తెల్లటి ఫర్ శాలువా అయితే 1960లో వచ్చిన ‘ఎన్‌చాంటెడ్ ఈవెనింగ్’ సెట్టు. గుండ్రంగా ఉబ్బిన పొట్టి జుట్టు 1961 నాటి ‘బబుల్ కట్’. చూపు పక్కకి కాకుండా ఎదురుగా ఉంటే 1971 మాలిబు బార్బీ, లేదా ఆ తర్వాతది. ఇప్పుడు 1959 బార్బీ వెనకాల ఒకే ముక్కగా ఎస్ ఆకారంలో ఒంపు తిరిగిన ప్లాస్టిక్ పాంటన్ కుర్చీ ఉందనుకోండి. ఆ కుర్చీ భారీ ఎత్తున తయారవడం మొదలైంది 1967లో. బొమ్మకీ కుర్చీకీ ఎనిమిదేళ్ల ఎడం. చాలా పెయింటింగ్‌లలో ఇలాంటి కలగలుపు కనిపిస్తుంది, ఏఐ చిత్రాల్లో మరీను. కలెక్టర్లకి ఇది పంటికింద రాయి. గీసినవాళ్ల వాదన కూడా కొట్టిపారేసేది కాదు: మేం గీసేది ఒక ఏడాదిని కాదు, జనం జ్ఞాపకంలో ఒకటిగా కలిసిపోయిన రెండు దశాబ్దాలని, అంటారు.

మురిపెమా, వెక్కిరింతా?

ఒక వైపువాళ్లది పాత వాదన. విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ 1939లోనే, అరువు అనుభూతుల్ని తయారు సరుకుగా అమ్మే కళని ‘కిచ్’ అని తేల్చేశాడు. ఈ పెయింటింగ్‌లు అచ్చంగా అవే అంటారు వీళ్లు. సోఫా రంగుకి తగ్గట్టు కొనుక్కునే చిత్రాలు, ఒక ఒరిజినల్‌కి వంద ప్రింట్లు.

దీనికి ఎదురు వాదన చేసేవాళ్లు 1950ల గృహిణి చిత్రాన్ని గుర్తుచేస్తారు. మెరిసే వంటింట్లో నవ్వుతూ నిలబడే ఆ స్త్రీ బొమ్మలాంటిదేనని, నిజంగానే బొమ్మని ఆ వంటింట్లో పెడితే ఆ అబద్ధం బయటపడుతుందని అంటారు. వినడానికి బాగుంటుంది గానీ, బొమ్మ పక్కన మిక్సీ పెట్టినంత మాత్రాన అది విమర్శ అయిపోదు. గ్యాలరీ గోడమీద అతికించిన వివరణ చీటీ తీసేస్తే మిగిలేది చాలాసార్లు ముచ్చటైన వంటిల్లే. పైగా బార్బీ గృహిణి కాదు. 1961కే నర్సు, విమానంలో స్టీవార్డెస్, 1965లో వ్యోమగామి. సొంత ఇల్లు 1962లో. రుణాలిచ్చేటప్పుడు స్త్రీల పట్ల వివక్ష చూపకూడదని అమెరికా చట్టం చేసింది 1974లో. అప్పటిదాకా పెళ్లి కాని స్త్రీకి తన పేరుమీద ఇంటి అప్పు పుట్టడం గగనం. అది తలుచుకుంటే ఆ అట్ట ఇల్లు ఇంకో రకంగా కనిపిస్తుంది.

మూడో ప్రశ్న వీటన్నిటికంటే బరువైనది: ఈ పెయింటింగ్‌లలో ఎవరు లేరు? యుద్ధానంతరం కట్టిన పేరొందిన లెవిట్‌టౌన్ కాలనీలో నల్లజాతివాళ్లకి ఇళ్లివ్వకూడదని ఒప్పందంలోనే రాసుకున్నారు. గులాబీ కొండల పామ్ స్ప్రింగ్స్‌లోనే సెక్షన్ 14 అనే ప్రాంతం ఉంది. అగువా కలియెంటె ఆదివాసుల భూమి అది. అక్కడ అద్దెకుంటున్న నల్లజాతి, మెక్సికన్ కుటుంబాలని 1950ల చివర, 60లలో వెళ్లగొట్టి ఇళ్లు కూల్చి తగలబెట్టారు. నగర కౌన్సిల్ 2021లో క్షమాపణ చెప్పి, 2024 నవంబర్‌లో నాటి నివాసులకి, వారసులకి 59 లక్షల డాలర్ల పరిహారం ఖాయం చేసింది. బొమ్మల వైపు చూస్తే, బార్బీ స్నేహితురాలిగా క్రిస్టీ 1968లో వచ్చింది గానీ, బార్బీ అన్న పేరుతోనే నల్లని బొమ్మ రావడానికి 1980 దాకా పట్టింది. దాని డిజైనర్ కిట్టీ బ్లాక్ పెర్కిన్స్.

ఇది తెలిశాక ఆ ఖాళీ కొలనులు మునుపటంత ఖాళీగా కనిపించవు. కొందరు చిత్రకారులు ఆ లోటునే విషయంగా తీసుకున్నారు. మికలీన్ థామస్ 1970ల నాటి చెక్క పలకల గోడలు, పూల సోఫాల మధ్య నల్లజాతి స్త్రీలని తళుకు రాళ్లు పొదిగిన కాన్వాస్‌ల మీద దర్జాగా కూర్చోబెడుతుంది. డెరిక్ ఆడమ్స్ ‘ఫ్లోటర్’ వరసలో, రంగురంగుల గాలి బొమ్మల మీద కొలనులో తేలుతూ సేదతీరే నల్లవాళ్లని గీశాడు. ఉపన్యాసం ఒక్క ముక్క లేదు, జనం హాయిగా ఉన్నారు. నా మట్టుకు నాకు వంటింటి వ్యంగ్యాలకంటే ఇవే గట్టిగా తగులుతాయి.

మన దేశానికి ఇందులో వాటా

ఈ శైలి మనకి పూర్తిగా పరాయిదేం కాదు. న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో 1955లో జరిగిన భారతీయ వస్త్రాలు, అలంకరణ కళల ప్రదర్శనని అమర్చింది గిరార్డే. 1958లో ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వం కోరికపై ఇండియా రిపోర్ట్ రాశారు. అందులో మంచి డిజైన్‌కి వాళ్లు ఎత్తిచూపిన ఉదాహరణ మన ఇత్తడి చెంబు. ఆ రిపోర్ట్ ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) మొదలైంది. చండీగఢ్ ఆఫీసుల కోసం ఆర్కిటెక్ట్ పియర్ జనరె బృందం చేసిన టేకు, పేము అల్లిక కుర్చీలు చాలా ఏళ్లు డాబాల మీద తుక్కుగా పడున్నాయి. ఇప్పుడు అవే విదేశీ వేలంపాటల్లో లక్షలు పలుకుతున్నాయి. కొత్త రెట్రో పెయింటింగ్‌లలో ఆ వి ఆకారపు కాళ్ల కుర్చీ ఈమ్స్ కుర్చీకి పోటీగా కనిపిస్తోంది.

బార్బీ విషయంలో మాత్రం మన జ్ఞాపకం వేరు. చీర కట్టిన బార్బీ, దాన్నీ కవరు విప్పకుండా షోకేసులో పెట్టిన ఇళ్లు. పెట్టె తెరవని బొమ్మకే విలువెక్కువని అమెరికన్ కలెక్టర్లు డబ్బు పెట్టి నేర్చుకున్నది, మన అమ్మలు బొమ్మ పాడవుతుందన్న భయంతోనే చేశారు.

కుర్చీకి ఒక చట్టం, బొమ్మకి ఇంకొకటి

ఇలాంటి పెయింటింగ్ గీసి అమ్మితే ఎవరైనా కేసు వేస్తారా? ఒకే కాన్వాస్ మీదున్న రెండు వస్తువులకి రెండు సమాధానాలు.

అమెరికా కాపీరైట్ చట్టంలో ‘ఉపయోగపడే వస్తువు’కి రక్షణ చాలా తక్కువ. కుర్చీ కూర్చోవడానికి పనికొస్తుంది కాబట్టి దాని ఆకారం మీద కాపీరైట్ దొరకడం కష్టం. బొమ్మ అలా కాదు. ఆటబొమ్మ ఉపయోగపడే వస్తువు కాదని అక్కడి కోర్టులు ఎప్పుడో చెప్పాయి, కాబట్టి దాని ముఖానికి శిల్పానికున్నట్టే కాపీరైట్ ఉంటుంది. యూరప్‌లో గాలి ఇంకో వైపు వీస్తోంది. 2024 అక్టోబర్‌లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, ఫర్నిచర్ కంపెనీ విట్రాకీ, క్వాంటమ్ అనే దుకాణాల సంస్థకీ మధ్య ఈమ్స్ కుర్చీ వివాదంలో, అమెరికాలో పుట్టిన డిజైన్ అన్న కారణంతో ఇక్కడ కాపీరైట్ నిరాకరించడానికి సభ్య దేశాలకి వీల్లేదని తేల్చింది. ఆ కేసు కుర్చీ నకళ్ల గురించి, పెయింటింగ్‌ల గురించి కాదు. అయినా కుర్చీ కూడా కళాకృతి కావచ్చన్న మాట చిత్రకారులకి కొత్త టెన్షనే.

బార్బీ మీద అందరూ చెప్పుకునే కేసు టామ్ ఫోర్సైత్‌ది. 1997లో ఆయన 78 ఫొటోలు తీశాడు. బట్టల్లేని బార్బీలు, పక్కన పాతకాలపు వంటింటి యంత్రాలు. ఒక ఫొటోలో నలుగురు బార్బీలని రొట్టెల్లో చుట్టి, సాస్ పోసి, ఓవెన్‌లో పెట్టాడు. మాటెల్ దావా వేసింది. ఆ ఫొటోల మీద ఆయన మొత్తం సంపాదన 3,659 డాలర్లు. అందులో కనీసం సగం మాటెల్ తరఫు పరిశోధకులు కొన్నవాటి మీద వచ్చిందే! 2003లో అప్పీలు కోర్టు ఇది పేరడీ, న్యాయసమ్మతమైన వాడకం (ఫెయిర్ యూజ్) అంది. తర్వాతి ఏడాది ఆయన లాయర్ల ఖర్చు కింద 18 లక్షల డాలర్లకి పైగా మాటెల్ కట్టాలని తీర్పొచ్చింది.

అయితే ఆ తీర్పు పట్టుకుని ధీమాగా ఉండటానికి లేదు. ఫోర్సైత్ గెలిచింది బార్బీ మీదే వ్యాఖ్యానం చేసినందుకు. 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు వార్హోల్ ఫౌండేషన్ కేసులో 7-2 మెజారిటీతో వేరే గీత గీసింది. గాయకుడు ప్రిన్స్ ఫొటో ఆధారంగా వార్హోల్ చేసిన చిత్రాన్ని పత్రిక ముఖచిత్రంగా అమ్మడం, అసలు ఫొటో చేసే పనే చేస్తోంది కాబట్టి, కొత్త శైలి ఒక్కటే సాకు కాదంది. దీన్ని మన పెయింటింగ్‌కి వర్తింపజేసి చూడండి. కర్రల్లా కాళ్లు చాపి, ఆకుపచ్చ చెవితో పాంటన్ కుర్చీ మీంచి జారిపోతున్న బార్బీకి ఫోర్సైత్ దారి తెరిచే ఉంది. గులాబీ గౌనులో కొలను పక్కన నవ్వే అందమైన బార్బీని క్యాలెండర్లుగా, టీ షర్టులుగా అచ్చేస్తే ఆ దారి బాగా ఇరుకు. మాటెల్ కూడా క్యాలెండర్లూ టీ షర్టులూ అమ్మగలదు మరి.

మన 1957 కాపీరైట్ చట్టంలో అమెరికా తరహా విశాలమైన ‘ఫెయిర్ యూజ్’ లేదు. సెక్షన్ 52లో సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వార్తలు లాంటి గిరిగీసిన మినహాయింపులున్నాయి. కానీ సెక్షన్ 15(2) అనే ఇంకో నిబంధన ఉంది. డిజైన్‌గా రిజిస్టర్ చేసుకోదగ్గదాన్ని రిజిస్టర్ చేయకుండా పరిశ్రమలో 50 సార్లకి మించి తయారుచేస్తే, ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. ఏది కళాకృతి, ఏది డిజైన్ అన్న తగువు దశాబ్దాలుగా నలిగింది. 2025 ఏప్రిల్‌లో క్రయోగ్యాస్ కేసులో సుప్రీంకోర్టు రెండు మెట్ల పరీక్ష పెట్టింది: ముందు అది శుద్ధమైన కళాకృతా, పరిశ్రమలోకి వెళ్లిన డిజైనా అన్నది చూడాలి, కాపీరైట్ వర్తించదంటే దాని ప్రధాన ప్రయోజనం ఏమిటో చూడాలి.

15(2) దెబ్బ మాటెల్ ఇక్కడ ఇదివరకే తింది, బార్బీతో కాదు, గళ్ల బోర్డు మీద అక్షరాలతో పదాలు కట్టే స్క్రాబుల్ ఆటతో. స్క్రాబులస్ అనే ఆన్‌లైన్ ఆటని పెట్టిన కోల్‌కతా అన్నదమ్ముల మీద కేసు వేస్తే, 2008లో ఢిల్లీ హైకోర్టు ఆట బోర్డు మీద కాపీరైట్ వాదనని ఒప్పుకోలేదు. 50కి మించి తయారయ్యాక ఇక ఆ హక్కు ఎక్కడిదన్నది కారణాల్లో ఒకటి. ట్రేడ్‌మార్క్ మీద మాత్రం మాటెల్ వైపే మొగ్గి, ఆ పేరు వాడొద్దంది. అన్నదమ్ములు ఆటకి లెక్సులస్ అని పేరు మార్చి నడుపుకున్నారు.